రెండో నీడ

మొన్న మా మనవరాలు బడి నుంచి ఒక నల్ల కాగితం తెచ్చింది. ఫాదర్స్ డే వస్తోందని టీచరు పిల్లల్ని ఒక్కొక్కరిగా లైటు ముందు పక్కకు తిప్పి కూర్చోబెట్టి, గోడ మీద పడిన నీడ చుట్టూ గీత గీసి, కత్తిరించి, తెల్ల అట్ట మీద అంటించిందట. పిల్ల ముక్కు, గడ్డం, గాలికి లేచిన ముంగురులు, అన్నీ అచ్చుగుద్దినట్టు ఉన్నాయి. బాగుందని ముద్దు పెట్టుకోవలసింది పోయి, నేను అట్టను వెనక్కి తిప్పి చూశాను.

"ఒకటే కత్తిరించారా, రెండా?"

"జస్ట్ వన్, అమ్మమ్మా. వై?"

"టీచరు దగ్గర ఇంకోటి ఉండిపోలేదు కదా?"

పిల్ల వంటింటి వైపు తిరిగి, "మమ్, ఈజ్ షీ ఓకే?" అంది. మా అమ్మాయి పప్పు తాలింపులోంచే కేకేసింది. "అమ్మా, స్కూల్ క్రాఫ్ట్ మీద కూడా నీకు డౌటేనా?"

మేముండే ఈ కొత్త శివారు ట్రుగనీనాలో, మా వీధిలో అన్ని ఇళ్ళూ ఒకే పోలికతో ఉంటాయి. ఏ ఇంటికీ పాతికేళ్ళు నిండలేదు. ఇక్కడ కూర్చుని ఈ డౌటు నాకెక్కడి నుంచి వచ్చిందో చెప్పాలంటే, ఇప్పుడు లేని ఒక ఊరి గురించి చెప్పాలి. ఊరు ఉంది. ఈ దేశం ఉత్తరపు కొసన డార్విన్ ఎక్కడికీ పోలేదు. నేను చెప్పే డార్విన్ మాత్రం పోయింది.

అక్కడ ఇళ్ళు స్తంభాల మీద నిలబడి ఉండేవి. పైన గదులు, కింద సిమెంటు నేల, గోడల్లేవు. కిటికీలకు తలుపుల బదులు అడ్డంగా అద్దాల పలకలు ఉండేవి. వాటిని తెరిస్తే గాలితోపాటు పండి రాలిన మామిడికాయల పులిసిన వాసన, ఎక్కడో గడ్డి తగలబడిన వాసన వచ్చేవి. వానలు మొదలయ్యే ముందు ఒకటి రెండు నెలలు ఉక్క ఎలా ఉండేదంటే, డబ్బాలో ఉప్పు నీరైపోయేది, అప్పడాలు మెత్తబడేవి, పెద్దవాళ్ళకు ఊరికే కోపాలు వచ్చేవి. మా నాన్న అక్కడి ఆసుపత్రిలో డాక్టరు. తెలుగు మాట్లాడేవాళ్ళు ఊరు మొత్తం మీద ఒక భోజనాల బల్ల చుట్టూ సరిపోయేవారు.

నాకు తొమ్మిదో పదో ఏళ్ళప్పుడు మా అమ్మమ్మ వచ్చి మా దగ్గర ఉంది. తాతయ్య పోయాక ఒక్కతే ఉందని అమ్మ పట్టుబట్టి పిలిపించింది. అమ్మమ్మకు ఇంగ్లీషు రాదు. లోకంలో దేని మీదా నమ్మకమూ లేదు. కొళాయి నీళ్ళను నమ్మేది కాదు. కాచి, వడపోసి, మళ్ళీ వాసన చూసేది. పాలవాడు నీళ్ళు కలుపుతాడని ఇండియాలో మా ఊళ్ళో అలవాటుగా అనుమానించేది. ఇక్కడ పాలు అట్టపెట్టెలో వస్తే, "అసలు గేదెను చూపించకుండా పాలిస్తున్నారంటేనే తెలియట్లా?" అనేది. చివరికి బల్లుల మీద కూడా ఆమెకు నమ్మకం పోయింది. మా ఇంటి గోడల మీద బల్లులు పగలూ రాత్రీ టకటకమంటూ పలికేవి. మొదట్లో ఒక్కోసారి చేతిలో పని ఆపి "కృష్ణ కృష్ణ" అనుకునేది. కొన్నాళ్ళకు విసిగిపోయింది. "మన బల్లి ఎప్పుడో ఓసారి పలుకుతుంది. దానికో అర్థం ఉంటుంది. ఇవి వాగుడుకాయలు. వీటి మాట ఏం నమ్ముతాం?"

ఆమె నమ్మినది ఒక్క గోంగూరనే. ఒకరోజు నన్ను బడి నుంచి తీసుకొస్తూ రోడ్డు పక్క పొదను చూసి ఆగిపోయింది. ఎర్రటి కాడలు, చీలిన ఆకులు. తుంచి నమిలి చూసి, "ఓసి నీ దుంప తెగ, నువ్విక్కడున్నావా!" అని దానితో మాట్లాడింది. అక్కడివాళ్ళు ఆ మొక్కను రోజెల్లా అంటారు. కాయల మీది ఎర్రటి రేకులతో జాము చేసుకుంటారు, ఆకు జోలికి పోరు. చీర కట్టిన ముసలామె రోడ్డు పక్క కలుపు మొక్కల ఆకులు ఒడిలో నింపుకుంటుంటే కార్లు నెమ్మదించి చూసేవి. ఆమె వాళ్ళను అనుమానంగా చూసేది, వాళ్ళు ఆమెను అనుమానంగా చూసేవాళ్ళు. ఆ పచ్చడి రుచి మళ్ళీ నాకు ఎక్కడా దొరకలేదు.

శనివారాలు ఉదయం పూట సంత జరిగేది. బొప్పాయికాయ తురుము దంచే చప్పుడు, నూనెలో వేగే అరటికాయ ముక్కలు, కొబ్బరిపాల చారులో సేమ్యా, చేపల ఉప్పు వాసన. ఆ సంత చివర, ఒక గొడుగు కింద, కత్తెరాయన కూర్చునేవాడు. ఆ పేరు మేం పిల్లలం పెట్టుకున్నది. అసలు పేరు ఎవరికీ తెలియదు. సేమ్యా అమ్మే ఆవిడకు ఒక పేరు చెప్పాడట, మామిడిపళ్ళాయనకు ఇంకో పేరు చెప్పాడట. సన్నగా పొడుగ్గా ఉండేవాడు. బూట్ల నిండా ఎర్రమట్టి. వేళ్ళ మధ్య గోళ్ళు తీసుకునేంత చిన్న కత్తెర. మనిషిని పక్కకు తిప్పి కూర్చోబెట్టి, గీత కూడా గీయకుండా, నల్ల కాగితాన్ని కత్తెర కిందికి తోస్తూ తిప్పేవాడు. కత్తెర కదిలేది కాదు, కాగితమే తిరిగేది. చూస్తుండగానే నుదురు, ముక్కు, పెదవులు, గడ్డం బయటికి వచ్చేవి. పనిచేసేటప్పుడు ఆయన ఎవరి కళ్ళలోకీ చూసేవాడు కాదు. చెంప పక్కన గాలిలోకి చూస్తున్నట్టు ఉండేది.

ఒక శనివారం మా నాన్నకు సరదా పుట్టి, నన్నూ తమ్ముడినీ కూర్చోబెట్టాడు. తమ్ముడికి అప్పుడు అయిదో ఆరో ఏళ్ళు. కదలకుండా కూర్చోమంటే ఊపిరి బిగబట్టి బుగ్గలు ఉబ్బించాడు. కత్తెరాయన నవ్వి, "బ్రీత్, మేట్. యూ కెన్ బ్రీత్" అన్నాడు. మా ఇద్దరి నీడలూ తెల్ల అట్టల మీద అంటించి నాన్న చేతిలో పెట్టాడు. అమ్మ మురిసిపోయింది.

అమ్మమ్మ మాత్రం ఆయన వెనక నిలబడి అంతా చూస్తోంది. కారు ఎక్కాక అంది.

"వాడు కాగితం మడతపెట్టి కత్తిరించాడు. రెండొచ్చాయి. మనకొకటే ఇచ్చాడు."

"రెండోది ఏం చేశాడు?" అన్నాను.

"బిస్కెట్ల డబ్బాలో పెట్టి మూతేశాడు. ఇద్దరివీ."

నాన్న నవ్వాడు. "శాంపిల్ కోసం ఉంచుకుని ఉంటాడు, అత్తయ్యగారూ."

"శాంపిల్ అయితే చెప్పి ఉంచుకోవాలి కదా నాయనా. చెప్పకుండా దాచాడంటే ఏంటి?"

మరుసటి రోజు ఆదివారం. మా ఇంటి కింద సిమెంటు నేల మీద చాపలు పరిచి భోజనాలు. ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే ఒక ఆంటీ చర్చి అయ్యాక నేరుగా మా ఇంటికి వచ్చేది. ఆవిడది కూడా మన కోస్తావైపే. బారముండి చేపతో పులుసు పెట్టి గిన్నె చున్నీలో కట్టుకుని తెచ్చేది. అమ్మమ్మను పిన్నిగారూ అని పిలిచేది. మా ఇంట్లో అమ్మమ్మ వంటకు పోటీ అని ఒప్పుకున్నది ఆ పులుసొక్కటే. ఆంటీకి ఇక్కడ ఉండిపోవడానికి అనుమతి ఇంకా రాలేదు. ఏ పోస్టు వచ్చినా ఆవిడ గుండె ఆగేది.

డబ్బా సంగతి వినగానే ఆవిడ చేతిలో ముద్ద ఆగిపోయింది.

"పిన్నిగారూ, నాకెందుకో అనుమానంగా ఉంది. ఇమ్మిగ్రేషన్ వాళ్ళు పెట్టిన మనిషేమో. ఊరూరూ తిరిగి మనలాంటి వాళ్ళ మొహాలు పోగేస్తున్నాడేమో."

"మన ఫొటోలు వాళ్ళ దగ్గర ఉన్నాయి కదమ్మా, ప్రతి ఫారమ్‌కీ అంటించి ఇచ్చాంగా. మళ్ళీ నీడలెందుకు?" అన్నాడు నాన్న.

"ఫొటోలో ముందు నుంచి ఉంటాం డాక్టరుగారూ. పక్క నుంచి వాళ్ళ దగ్గర లేదుగా?"

అమ్మమ్మ అనుమానం మాత్రం వేరు. ఆమె దృష్టిలో నీడ ఊరికే నల్లగా పడే మరక కాదు. మనిషిని విడవకుండా వెంట తిరిగేది. దాన్ని కత్తిరించి డబ్బాలో పెట్టుకున్నవాడు దానితో ఏమైనా చెయ్యగలడు. పాస్‌పోర్టు కోసం తప్పక దిగిన ఒక్కటి తప్ప ఆమెకు ఫొటోలే లేవు. వాళ్ళ ఇంట్లో ఆడవాళ్ళు ఫొటోలు దిగితే ఆయుష్షు తరిగిపోతుందని దిగనిచ్చేవాళ్ళు కాదట. వాళ్ళ అమ్మది ఒక్క ఫొటో కూడా లేదు.

నాకూ తమ్ముడికీ మాత్రం కొత్త ఆట దొరికింది. ఎక్స్‌రే ఫిల్ములు చుట్టి వచ్చే నల్ల కాగితాలు నాన్న ఆసుపత్రి నుంచి తెచ్చేవాడు. టార్చిలైటు పెట్టి ఒకరి నీడ ఒకరం కత్తిరించుకునేవాళ్ళం. నేను కత్తిరించిన తమ్ముడు బంగాళాదుంపలా వచ్చాడు. వాడు కత్తిరించిన నాకు ముక్కే లేదు. ఒక మధ్యాహ్నం అమ్మమ్మ ఒత్తిగిలి నిద్రపోతుంటే ఆమె నీడ తీద్దామని మెల్లగా చేరాం. టార్చి వెలుగు కంట్లో పడి ఆమె లేచింది. కొట్టలేదు, తిట్టలేదు. కత్తెర లాక్కుని బియ్యం డబ్బాలో అడుక్కి దూర్చింది. అమ్మ మూడు రోజులు ఆ కత్తెర కోసం వెతికింది.

వానలు మొదలైన వారంలో తమ్ముడికి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. తగ్గేది, సాయంత్రానికి మళ్ళీ ఎక్కేది. వాడు తినడం మానేశాడు. పెదవులు పగిలాయి. నాన్న రక్తం పరీక్షకు పంపాడు. తానే డాక్టరై ఉండి కూడా ఏమీ చెప్పలేకపోతున్నాడని నాన్న మొహం చూస్తేనే తెలిసేది. అమ్మ వాడి పక్కన కూర్చుని తడిగుడ్డ మార్చడమే పనిగా పెట్టుకుంది.

అమ్మమ్మ ఉప్పూ ఎండుమిరపకాయలూ దిగదుడిచి పొయ్యి మీద వేసింది. ఘాటు రాలేదు. ఎవరికీ దగ్గు రాలేదు. దిష్టి బలంగా ఉంటే ఘాటు రాదట.

"వానాకాలం కదమ్మా, మిరపకాయలు చెమ్మగిల్లాయి" అంది అమ్మ నీరసంగా.

"మిరపకాయల మీదికి నెట్టకు" అంది అమ్మమ్మ. తరువాత నా వైపు తిరిగింది. "పదవే. ఆ కత్తెరవాడి దగ్గరికి పోదాం. మాట చెప్పడానికి నువ్వు కావాలి."

అమ్మ వద్దనలేదు. అది నాకు ఇప్పటికీ గుర్తుంది. చదువుకున్న మా అమ్మ, ఇలాంటివి నవ్వి కొట్టిపారేసే మా అమ్మ, తల ఎత్తకుండా "గొడుగు తీసుకెళ్ళండి" అంది.

నర్సు ఆంటీ కారులో తీసుకెళ్ళింది. ఊరి బయట హైవే పక్కన కారవాన్ పార్కు. చక్రాల ఇళ్ళు, గుడారాలు, తడిసిన కుక్కలు. కత్తెరాయన ఇల్లు ఏదో ఆంటీ సంతలో ముందే వాకబు చేసి పెట్టుకుంది, దూరం నుంచే చూపించింది. తాను దిగనంది. "నా సంగతి ఇంకా తేలలేదు పిన్నిగారూ. నన్ను చూడకూడదు" అని కారు తలుపులు లోపలి నుంచి వేసుకుని, సీటులో కిందికి జారి కూర్చుంది.

వాన చినుకుల్లో మేమిద్దరం వెళ్ళి తలుపు తట్టాం. కత్తెరాయన తీశాడు. చీర కొంగు నడుముకు దోపుకుని గొడుగు కర్రలా పట్టుకుని నిలబడ్డ అమ్మమ్మను చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. లోపలికి రమ్మన్నాడు. లోపలికి పోగానే అమ్మమ్మ ముక్కు ఎగబీల్చి నా చెయ్యి నొక్కింది.

"చూశావా. కర్పూరం!"

పొగాకు వాసన, చెమ్మ వాసన, వాటి మీద కర్పూరం వాసన నాకూ తగిలాయి. ఎందుకని ఆయన్ను అడిగాను. కాగితం తినే పురుగులకట. నేను చెప్పాను. అమ్మమ్మ నమ్మలేదు.

అప్పుడు గోడలు చూశాం. పైకప్పు దాకా నీడలే. గుండుసూదులతో గుచ్చిన నల్లటి మొహాలు. టోపీలవాళ్ళు, జడలవాళ్ళు, గడ్డాలవాళ్ళు, చంటిపిల్లలు. అందరూ ఒకే వైపుకు, మేం నిలబడ్డ గుమ్మం వైపుకు తిరిగి ఉన్నారు. వాళ్ళలో నేనూ ఎక్కడో ఉన్నాను.

"నా మనవడిని ఇవ్వమను" అంది అమ్మమ్మ.

ఆయన వెతకలేదు. తిన్నగా ఒక మూలకు వెళ్ళి, ఉబ్బిన బుగ్గలతో ఉన్న తమ్ముడి నీడ సూది తీసి ఇచ్చాడు. పక్కనున్న నాదీ అడగకుండానే ఇచ్చాడు. అమ్మమ్మ రెండూ కొంగులో చుట్టి బొడ్లో దోపుకుంది. ఇక వెళ్ళిపోతుందనుకున్నాను. ఆమె బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"దొంగసచ్చినోడిని అడుగు. ఎవడు దాచమన్నాడు? ఎవరికిస్తాడు ఇవన్నీ?"

"ప్లీజ్, మా అమ్మమ్మ అడుగుతోంది, ఇవన్నీ ఎందుకు దాస్తారు?" అన్నాను ఇంగ్లీషులో.

కత్తెరాయన ఎదురుగా కూర్చున్నాడు. చేతులు బల్ల కింద పెట్టుకున్నాడు. వాళ్ళ తాత ఇంగ్లండు నుంచి ఓడలో వస్తూ దారి పొడుగునా ప్రయాణికుల నీడలు కత్తిరించాడట. అప్పట్లో ఫొటోలు కలిగినవాళ్ళకే. పేదవాడికి మొహం అంటే ఈ నల్ల కాగితమే. తరువాత వాళ్ళ నాన్న, ఆ తరువాత తను. తిరనాళ్ళ బళ్ళతో ఊరూరూ తిరిగాడట. గొర్రెల బొచ్చు కత్తిరించే షెడ్లలో పనివాళ్ళ మొహాలు కత్తిరిస్తే వాళ్ళు పెళ్ళాలకు పంపుకునేవాళ్ళట. ప్రతి ఇంట్లోకీ కెమెరా వచ్చాక ఇక ఆయనతో ఎవరికీ పనిలేకపోయింది.

నేను ముక్కముక్కలుగా తెలుగులో చెబుతున్నాను. అమ్మమ్మ మధ్యలో, "ఇది కాదు నేనడిగింది. ఎందుకు దాస్తున్నాడో చెప్పమను" అంది.

లోపలి ఊళ్ళలో ఒకచోట ఒకావిడ ఆయన్ను వెతుక్కుంటూ వచ్చిందట. అంతకు కొన్నేళ్ళ ముందు ఆవిడ కొడుకు నీడను ఆయనే కత్తిరించాడు. ఆ తరువాత పిల్లాడు పొలంలో చెరువులో మునిగి పోయాడు. ఇంట్లో ఉన్న ఆ ఒక్క నీడనూ పురుగులు తిన్నాయి. మళ్ళీ కత్తిరించి ఇమ్మని అడిగింది. ఆయనకు ఆ పిల్లాడి మొహం గుర్తులేదు. ఎన్నో వేల మొహాలు చూసి ఉన్నాడు. అయినా ప్రయత్నించాడు. ఒకటి తరువాత ఒకటి కత్తిరించి చూపించాడు. ఆవిడ ఒక్కోదాన్నీ చూసి, కాదు, కాదు అంది. చివరికి ఆయన బాధపడుతున్నాడని జాలిపడి, వాడు కాని వాడి నీడను ఒకదాన్ని తీసుకుని, థాంక్స్ చెప్పి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి మడతపెట్టకుండా కత్తిరించలేదన్నాడు. ఎవరైనా వెనక్కి వస్తారేమోనని.

నాకు ఏడుపు వచ్చింది. ముక్కు తుడుచుకుంటూ తెలుగులో చెప్పడం పూర్తి చేశాను. అమ్మమ్మ కళ్ళు చికిలించి ఆయన వైపే చూస్తోంది.

"కథ బాగానే ఉంది. బల్ల కింద చేతులెందుకు కదులుతున్నాయో అడుగు."

నేను అడగనవసరం లేకపోయింది. ఆయన చేతులు పైకి తీశాడు. ఒక చేతిలో కత్తెర, ఒక చేతిలో మడత కాగితం. మడత విప్పి, విడదీసి, బల్ల మీద పెట్టాడు. రెండు నీడలు ఒకదానికొకటి ఎదురెదురుగా కూర్చున్నాయి. నుదుటి మీద ముడత, వంకీ తిరిగిన ముక్కు, ముక్కుపుడక దగ్గర చిన్న బొడిపె, పళ్ళు ఊడి లోపలికి పోయిన పెదవులు, ముందుకు పొడుచుకొచ్చిన గడ్డం, మెడ మీద వేలాడే ముడి. మాట్లాడుతూనే, చేతుల వైపు చూడకుండానే, ఆమె నా వైపు తిరిగినప్పుడల్లా చూసి ఆమెను కత్తిరించాడు.

అమ్మమ్మ గొడుగు ఎత్తింది. కొడుతుందనుకుని నేను కళ్ళు మూసుకున్నాను. చప్పుడేమీ రాలేదు. కళ్ళు తెరిచేసరికి గొడుగు నేల మీద ఉంది. ఆమె బల్ల మీదికి వంగి ఉంది.

"ఇది మా అమ్మ" అంది.

"కాదు అమ్మమ్మా, అది నువ్వే."

"నోర్ముయ్యవే. మా అమ్మ నాకు తెలియదా? పొయ్యి ముందు కూర్చుంటే పక్క నుంచి ఇలాగే ఉండేది. ఈ గడ్డం, ఈ ముడి. పోయేనాటికి ఇలాగే ఉంది." గొంతు తగ్గించి, భయంగా నన్ను అడిగింది. "వీడు మా అమ్మను ఎక్కడ చూశాడే?"

ఆమె ఎప్పుడూ తనను తాను పక్క నుంచి చూసుకోలేదు. అద్దంలో కనిపించేది ఎదుటి మొహమే. వాళ్ళ అమ్మ ఈడు తనకు వచ్చేసిందని, ఆ పోలిక తన చెంప పక్కనే ఇన్నాళ్ళూ తిరుగుతోందని ఆమెకు తెలియదు. నేను గోడకు ఉన్న చిన్న అద్దం తీసి ఆమె పక్కన పట్టుకున్నాను. కళ్ళు పక్కకు తిప్పితే కొంచెం కనిపించింది. ఆమె ముక్కు తడుముకుంది. గడ్డం తడుముకుంది. కత్తెరాయన కిటికీలోంచి వాన చూస్తూ కూర్చున్నాడు.

అమ్మమ్మ కుడివైపు తిరిగి ఉన్న నీడను చేతిలోకి తీసుకుంది.

"ఈమె మా అమ్మ. నేను తీసుకుపోతాను." రెండోదాన్ని వేలితో ఆయన వైపు తోసింది. "అది నేను. ఉంచుకోమను. నా ముసలి నీడతో వాడేం చేసుకుంటాడు?"

కారులో ఎక్కగానే ఆంటీ అడిగింది. "సంతకాలేమైనా పెట్టించుకున్నాడా?"

"నమ్మదగిన మనిషి కాదమ్మా" అంది అమ్మమ్మ. ఇంటికి వచ్చేదాకా ఆ నీడను రెండు చేతుల మధ్య, పిచ్చుకను పట్టుకున్నట్టు పట్టుకుంది.

మరుసటి రోజు మధ్యాహ్నం తమ్ముడికి చెమట పట్టింది. జ్వరం దిగింది. చారన్నం అడిగాడు. అంతకు ముందు రోజే రక్తం ఫలితం చూసి మందు మార్చానని నాన్న చెప్పాడు. "అవును నాయనా, నీ మందే" అని అమ్మమ్మ వెంటనే ఒప్పుకుంది. అలా ఒప్పుకుంటే నాన్నకే అనుమానం వచ్చింది. ఇక ఎవరూ ఆ విషయం ఎత్తలేదు.

వానలు తగ్గాక సంతకు వెళితే గొడుగు లేదు, కత్తెరాయన లేడు. పోలీసులు పంపించేశారని మామిడిపళ్ళాయన అన్నాడు. తిరనాళ్ళతో దక్షిణానికి పోయాడని సేమ్యా ఆవిడ అంది. ఆంటీకి అనుమతి వచ్చింది. ఆ వారమే ఆయన మాయమయ్యాడు కాబట్టి, తన మాటే నిజమని ఆవిడ చాలా ఏళ్ళు వాదించింది.

అమ్మమ్మ మరుసటి ఏడాది మా ఊరు వెళ్ళిపోయింది. నీడకు ఫ్రేము కట్టించి గోడకు పెట్టి, దండ వేసింది. అది చూసి మా పెద్దమ్మ గుండెలు బాదుకుంది. "బతికుండగా నీ బొమ్మకు నువ్వే దండ వేసుకుంటావా అమ్మా!" అమ్మమ్మ వినలేదు. ఇది మా అమ్మ, నీ కళ్ళకు నాలా కనిపిస్తే నేనేం చెయ్యను అంది. వచ్చినవాళ్ళందరికీ అలాగే చెప్పింది. కొన్నాళ్ళకు ఊరంతా నమ్మింది.

చదువు అయ్యాక నేను ఉద్యోగం మీద కొన్ని నెలలు మళ్ళీ డార్విన్‌లో ఉన్నాను. ఒక ఆదివారం ఆ కారవాన్ పార్కుకు వెళ్ళాను. దాన్ని నడిపే ఆవిడ ముసలిదైపోయింది. కత్తెరాయన అనగానే పెద్దగా నవ్వింది.

"చెరువులో పోయిన పిల్లాడా నీకు చెప్పింది? నాకు చెప్పినప్పుడు ఆడపిల్ల. ఇల్లు తగలబడింది. మా ఆయనకు చెప్పినప్పుడు యుద్ధానికి పోయిన కుర్రాడు. ప్రతి ఊళ్ళోనూ ఒక కథ, లవ్."

"మరి ఆ నీడలన్నీ ఎందుకు దాచేవాడు?"

"ఎందుకేమిటి? దక్షిణాన పాతసామాన్ల కొట్లకు పెట్టెలకు పెట్టెలు అమ్మేవాడు. జనం తమవాళ్ళలా ఉన్నవి ఏరుకుని, మా ముత్తవ్వ, మా తాత అని గోడలకు పెట్టుకుంటారు. నల్ల కాగితంలో ఎవరు ఎవరైతేనేం?"

తిరిగి వస్తూ దారి పొడుగునా నాకు ఒళ్ళు మండిపోయింది. నేను ఏడ్చిన ఏడుపు గుర్తొచ్చింది. ఆ సంవత్సరమే ఇండియా వెళ్ళినప్పుడు అమ్మమ్మకు చెప్పాను. ఆమె అప్పటికి మంచం మీద ఉంది, చూపు తగ్గింది. చెప్పాలా వద్దా అని రెండు రోజులు తటపటాయించాను. విని, ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు.

"నాకు ఆరోజే తెలుసు. పిల్లాడు పోయిన కథ చెప్పేవాడి చెయ్యి ఒక్కసారైనా ఆగొద్దూ? ఆగలేదు."

"తెలిసి నీ నీడ వాడికెందుకు వదిలావు?"

ఆమె గోడ వైపు చూసింది. ఆ చూపుకు అక్కడ ఒక నల్లటి మచ్చ మాత్రమే కనిపించి ఉంటుంది. దండ వాడిపోయి ఉంది.

"నోరు అబద్ధమాడితే ఆడనీ. మా అమ్మను సరిగ్గానే కత్తిరించాడుగా."

మా పెద్దమ్మ మజ్జిగ తెచ్చింది. అమ్మమ్మ రెండు గుక్కలు తాగి, గ్లాసు నాకిచ్చి, కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను. లేవబోతుంటే నా చెయ్యి పట్టుకుంది.

"అయితే కొట్లో అమ్మేశాడంటావు, నన్ను?"

"అలాగే అనిపిస్తోంది అమ్మమ్మా."

"ఎవరో కొనుక్కుని ఉంటారు. వాళ్ళ అమ్మనో, అమ్మమ్మనో అనుకుని."

"ఉండొచ్చు."

పాలపెట్టెను చూసినప్పటిలాగే ఆమె నుదురు ముడిపడింది.

"ఎవరింట్లో ఉన్నానో ఏమో. వాళ్ళు మంచివాళ్ళేనంటావా?"

తెలియదన్నాను. ఆ తరువాత ఈ దేశంలో నేను ఎన్నో ఊళ్ళు తిరిగాను. పాతసామాన్ల కొట్టు కనిపిస్తే కారు ఆపి, లోపలికి పోయి, గోడలు చూడకుండా ఎప్పుడూ ముందుకు పోలేదు. ఎవరింటికైనా భోజనానికి పిలిస్తే, వాళ్ళ హాల్లో వేలాడే పూర్వీకుల బొమ్మలను కొంచెం ఎక్కువసేపే చూస్తాను.